చెక్క బాడీ కారుని కోనసీమ తేమలో కాపాడుకోవడం ఎలా

ముందే చెప్తున్నా, చెక్క బాడీ కారు కొనేవాళ్ళు మెకానిక్ కంటే ముందు మంచి వడ్రంగి మేస్త్రీని చూసుకోవాలి. ఇంజన్ పార్టులు ఎక్కడినుంచో తెప్పించుకోవచ్చు గానీ చెక్క కుళ్ళిందంటే కారే లేదు, ఎందుకంటే వీటిలో చెక్క అలంకారానికి కాదు, తలుపులూ అద్దాలూ నిలబడేదే దాని మీద. రాజోలు దగ్గర మా మేనమామ గారి కొబ్బరితోట షెడ్డులో ఒక మోరిస్ మైనర్ ట్రావెలర్ (వెనక భాగం చెక్క చట్రంతో కట్టిన పాత ఇంగ్లీషు కారు) ఉంది, దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి. కొంత అడిగి తెలుసుకున్నాను, ఎక్కువ చెడగొట్టి నేర్చుకున్నాను.

అసలు ఈ జాతి బళ్ళు పుట్టింది స్టేషన్ కోసం. అమెరికాలో రైలు దిగిన చుట్టాల్నీ వాళ్ళ పెట్టెల్నీ ఇంటికి చేర్చడానికి, మన పెద్దిళ్ళవాళ్ళు జట్కా పంపినట్టు, చాసిస్ (బండి అడుగు చట్రం) మీద చెక్క పెట్టె కట్టించి పంపేవాళ్ళు, అందుకే స్టేషన్ వ్యాగన్. ఇంగ్లండులో ఎస్టేట్ దొరల బండి కాబట్టి ఎస్టేట్ కారు. ఆ పనిబండికి దర్జా తెచ్చిన వాటిలో చెప్పుకోవలసింది 1941 నాటి క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ: యాష్ అనే విదేశీ చెట్టు చెక్కతో చట్రం, మధ్యలో హోండురాస్ మహాగని పలకలు, పైన ఉక్కు కప్పు, వెనక పీపాలా గుండ్రంగా తిరిగి బీరువాలా రెండువైపులా తెరుచుకునే తలుపులు. తొమ్మిది మంది పట్టే రకం కూడా ఉండేది. కానీ ఇదంతా చేతిపని, పైగా కొన్నవాడు తరచూ వార్నిష్ వేయించుకుంటూ ఉండాలి. 1949లో ప్లిమత్ సబర్బన్ పూర్తి ఉక్కుతో చవగ్గా వచ్చేసరికి చెక్క పని అయిపోయింది, 1953 బ్యూక్‌తో అమెరికాలో అసలు చెక్క వ్యాగన్లు ఆగిపోయాయి. తమాషా ఏంటంటే అదే ఏడాది ఇంగ్లండులో మా ట్రావెలర్ మొదలై 1971 దాకా నడిచింది. సామాన్యుడి టౌన్ అండ్ కంట్రీ అనుకోండి.

ఇక పని. వానాకాలంలో దాని జోలికి పోవద్దు, సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. చేతిలో ఒక సన్నటి ఆర పట్టుకుని తలుపుల అడుగు చెక్క, అద్దం రబ్బరు కింద, వెనక తలుపు కింది మూలలు మెల్లగా పొడిచి చూడండి. గట్టి చెక్కలో మొన ఆగిపోతుంది, పుచ్చిన చోట పెరుగులోకి దిగినట్టు దిగుతుంది. తలుపు సగం తెరిచి కొసని పైకెత్తండి, ఊగిందంటే మడతబందైనా వదులై ఉండాలి, అతుకైనా విడి ఉండాలి. సన్న రంధ్రాల కింద పిండిలా రాలుతుంటే పురుగు. ఇనప మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయని అర్థం. యాష్ మంచి బలమైన చెక్క, వంచితే వంగుతుంది, కానీ తడికి మన టేకులా ఓర్చుకోదు.

పాత వార్నిష్ స్క్రేపరుతో గీకండి, మిషన్‌తో శాండింగ్ చేస్తే మూలలు అరిగిపోతాయి. నల్లమచ్చలకి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి రాయాలి (గ్లవ్స్ తప్పనిసరి), తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి బాగా ఆరనివ్వాలి. కుళ్ళిన ముక్క తీసేసి కొత్తది పెట్టేటప్పుడు అతుకు అడ్డంగా కోయొద్దు, అంగుళం మందానికి ఎనిమిది అంగుళాల ఏటవాలు ఉండేలా కోసి ఎపాక్సీ బంకతో అంటించి ఇత్తడి స్క్రూలు వేయండి. పుట్టీ కూరి పైన రంగు కొట్టడం మాత్రం వద్దు, లోపల కుళ్ళు ఆగదు. యాష్ దొరక్క టేకు వేస్తే, దానికి నూనె ఎక్కువ, అంటించే ముందు థిన్నర్‌తో తుడవకపోతే బంక పట్టదు.

వార్నిష్ పడవలకి వాడే మెరైన్ రకమే వాడండి. మొదటి కోటుకి సగానికి సగం టర్పెంటైన్ కలిపితే చెక్క తాగుతుంది, ఆపైన కనీసం ఆరు కోట్లు, మధ్యమధ్య 320 నంబరు పేపరుతో తేలిగ్గా రుద్దుతూ. చెక్క కోసిన కొసలకి ముందు వేయండి, నీళ్ళు తాగేది అక్కడే. మంచు విడిచాక పొద్దున్నే మొదలెట్టి మధ్యాహ్నానికి బ్రష్ కడిగేయాలి, సాయంత్రం వేస్తే రాత్రి తేమకి తెల్లగా పాలిపోతుంది.

నేను చేసిన ఘోరం కూడా చెప్పాలి. ఓసారి తుఫాను హెచ్చరిక వచ్చిందని టెన్షన్ పడి కారు చుట్టూ ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించి పది రోజులు వదిలేశాను. విప్పితే వెనక తలుపు అడుగున చిటికెన వేలంత పుట్టగొడుగులు. మామయ్య ఏమీ అనలేదు, ఒకటి తుంపి నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచి గాలాడే నూలు దుప్పటే కప్పుతున్నాను, తలుపుల కింద నీళ్ళు పోయే బెజ్జాలు నెలకోసారి పుల్లతో శుభ్రం చేస్తున్నాను. షెడ్డుకి మట్టినేల ఉంటే చెదలు ఖాయం, చక్రాల కింద సిమెంటు పలకలు వేయండి. కొబ్బరిచెట్టు కింద ఆపొద్దని వేరే చెప్పాలా?

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కించి నరసాపురం తీసుకెళ్తే, తిరిగొచ్చాక ఎంత రాత్రైనా మంచినీళ్ళ గుడ్డతో చెక్కంతా తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచి అప్పుడు పడుకోండి. అటువైపు గాలిలో ఉప్పుంటుంది.