ఆంకాలజీ ఫార్మసీ రెసిడెన్సీలో చేరే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫార్మ్ డి ఇంటర్న్‌షిప్‌లో ఉండి, తర్వాత ఆంకాలజీ, అంటే క్యాన్సర్ వైద్యం వైపు రెసిడెన్సీకి (డిగ్రీ అయ్యాక ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే ట్రైనింగ్) వెళ్దామనుకుంటున్న గుంటూరు, విజయవాడ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. "అక్కా, ఆంకాలజీలో రెసిడెన్సీ చేస్తే బాగుంటుందా" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ ఒకటే, చాలా బాగుంటుంది, కానీ సిద్ధపడకుండా వెళ్ళొద్దు. వేరే వార్డులో మందు కాస్త ఎక్కువైతే చాలాసార్లు సరిచేసుకునే టైం దొరుకుతుంది. కీమోలో చాలా మందులకి విరుగుడే లేదు, ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందో చూస్తూ కూర్చోవడమే. అందుకే ఈ ట్రైనింగ్‌లో అన్నిటికన్నా ముందు రావాల్సింది, అనుమానం వచ్చిన చోట "ఒక్క నిమిషం ఆగండి సార్" అని పెద్ద డాక్టరుతో కూడా అనగలగడం. ఊరికే ధైర్యం ఉంటే ఆ మాట రాదు, చేతిలో లెక్క ఉండాలి.

ముందు చేరబోయే చోటు సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గరా, బ్రాడీపేటలోనూ కన్సల్టెన్సీ వాళ్ళ మాటలు విని డబ్బు కట్టేసే ముందు అసలు రెసిడెన్సీ అంటే ఏంటో తెలుసుకోండి. అమెరికాలో అయితే పీజీవై1 అని 12 నెలల జనరల్ ట్రైనింగ్, ఆ తర్వాత పీజీవై2 అని ఇంకో 12 నెలలు పూర్తిగా ఆంకాలజీలో. వీటికి గుర్తింపు ఇచ్చేది అక్కడి ఫార్మసిస్టుల సంఘం ఏఎస్‌హెచ్‌పీ. మన దగ్గర చదివినవాళ్ళు ముందు అక్కడి ఫార్మసీ బోర్డుల సంఘం ఎన్‌ఏబీపీ విదేశీ డిగ్రీలని సరిచూసి ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి ఎఫ్‌పీజీఈఈ పరీక్షా టోఫెలూ రాయాలి, పైగా 2003 తర్వాత డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి కనీసం ఐదేళ్ళ కోర్సు ఉండాలి కాబట్టి నాలుగేళ్ళ బీఫార్మసీ ఒక్కటే ఉంటే కుదరదు. చాలా ప్రోగ్రాములు వీసా స్పాన్సర్ చేయవు, ఈ ఒక్క విషయం అప్పు చేసే ముందే కనుక్కోండి. కొన్నాళ్ళు అబ్జర్వర్‌గా నిలబడి చూసొస్తే ఇచ్చే కాగితం రెసిడెన్సీ కాదు, దాన్ని రెసిడెన్సీ అని రెజ్యూమెలో రాస్తే మొదటి ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు.

మన దేశంలో ఒక్కో ఆస్పత్రి తన పద్ధతిలో ట్రైనింగ్ ఇస్తుంది కాబట్టి పేరు చూసి చేరొద్దు. అక్కడ ఆంకాలజీలో అనుభవమున్న ఫార్మసిస్ట్ రోజూ మీ పక్కన ఉంటారా, కీమో ఆర్డరు కలపకముందే ఫార్మసిస్ట్ చూసి సంతకం పెట్టే పద్ధతి ఉందా, రౌండ్స్‌లో మిమ్మల్ని మాట్లాడనిస్తారా, పిల్లల క్యాన్సర్లూ రక్త క్యాన్సర్లూ చూసే అవకాశం ఉందా అని అడగండి. ఇప్పటికే చేస్తున్న రెసిడెంట్‌ని క్యాంటీన్‌లో పట్టుకుని అడిగితే బ్రోషర్ కన్నా నిజమైన జవాబు దొరుకుతుంది. ఏడాది పొడుగునా ఇండెంట్లు రాయించుకుని, స్టాకు లెక్క పెట్టించుకుని పంపే చోటైతే వద్దు. ఇంకా ఇంటర్న్‌షిప్‌లోనే ఉంటే, గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, కాలేజీ ద్వారా అడిగి అనుమతి దొరికితే కొన్ని రోజులైనా చూసి రండి. ఈ పని మీకు పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కలు. చేరేలోపు బీఎస్‌ఏ (ఒంటి ఉపరితల వైశాల్యం, చాలా కీమో డోసులు దీని మీదే కడతారు) లెక్క నిద్రలో అడిగినా రావాలి. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో తీసుకుని రెండూ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. 150 సెంటీమీటర్లు, 48 కిలోలు ఉన్న ఆవిడకి 1.41 చదరపు మీటర్లు వస్తుంది. అదే ఫైల్లో ఎవరో తొందరలో 48ని 84 అని రాస్తే 1.87 అవుతుంది, చదరపు మీటరుకి 60 మిల్లీగ్రాముల డాక్సోరుబిసిన్ అంటే 85 బదులు 112 మిల్లీగ్రాములు వెళ్ళిపోతుంది. కంప్యూటరు అడ్డుకోదు, అది ఇచ్చిన అంకెనే గుణిస్తుంది. కాబట్టి మంచం దగ్గరికి వెళ్ళి మనిషిని చూడండి, సన్నగా ఉన్న ఆవిడ 84 కిలోలు ఎలా ఉంటుంది? పోయిన సైకిల్ (కీమో విడత) బరువు పనికిరాదు, ఈరోజు బరువు ఈరోజే తూయించాలి.

కార్బోప్లాటిన్ లెక్క వేరు, ఏయూసీని (ఒంట్లో మందు ఎంత మేర ఉండాలో చెప్పే లక్ష్యం అంకె) జీఎఫ్‌ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తాయో చెప్పే అంకె) ప్లస్ 25తో గుణిస్తారు, వచ్చేది మిల్లీగ్రాముల్లో డోసు. తిండి లేక చిక్కిపోయిన మన పేషెంట్లలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) 0.4 అలా వస్తుంది, ఫార్ములాలో వేస్తే కిడ్నీలు అద్భుతంగా ఉన్నట్టు కనిపించి డోసు పెరిగిపోతుంది. అందుకే లెక్కగట్టిన జీఎఫ్‌ఆర్‌ని 125 దగ్గర ఆపుతారు, అంటే ఏయూసీ 5కి 750 మిల్లీగ్రాములు దాటదు. సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ పేర్లు తారుమారైతే ఏం జరుగుతుందో ఈ అంకెలే చెప్తాయి, సిస్‌ప్లాటిన్ మామూలుగా ఒక సైకిల్‌కి చదరపు మీటరుకి 100 మిల్లీగ్రాములు దాటదు, దాటితే ఫోన్ చేసి అడగాలి.

1994లో బోస్టన్‌లో బెట్సీ లేమన్ అనే ఆరోగ్య విలేకరికి నాలుగు రోజుల్లో విడతలుగా ఇవ్వాల్సిన సైక్లోఫాస్ఫమైడ్ మొత్తం డోసుని ఒక్కో రోజుకీ ఇచ్చారు, నాలుగు రోజులూ అలాగే. ఆవిడ చనిపోయింది. వయసు 39. అది పేరున్న పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి, చదువు తక్కువైనవాళ్ళు చేసిన తప్పు కాదు, ప్రోటోకాల్‌లో రాసిన అంకె రోజుదా మొత్తం సైకిల్‌దా అన్నది సరిగ్గా అర్థంకాకపోవడం వల్ల జరిగింది. ప్రతి ఆర్డరులోనూ ఆ ప్రశ్న అడగండి, పేషెంటుకి ఎదురుగా నిలబడి కూడా అడగండి, ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

విన్‌క్రిస్టిన్ గురించి విడిగా చెప్పాలి. నరానికి ఎక్కించాల్సిన ఈ మందు పొరపాటున వెన్నులోకి వెళ్తే మనిషి దాదాపు ఎప్పుడూ బతకడు. లుకీమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకి అదే రోజు వెన్నులోకి మెథోట్రెక్సేట్ కూడా ఉంటుంది, రెండూ సిరంజిల్లో ఒకే ట్రేలో వెళ్తే ఇక చెప్పేదేముంది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తూ, విన్‌క్రిస్టిన్‌ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపమంది, బ్యాగుని వెన్నుసూదికి ఎవరూ తగిలించరు కాబట్టి. మీరు చేరిన చోట ఇంకా సిరంజిలోనే పంపుతుంటే మొదటి వారంలోనే మీ ప్రిసెప్టర్‌ని, అంటే మీకు నేర్పే సీనియర్ ఫార్మసిస్ట్‌ని, మర్యాదగా అడగండి. సిగ్గుపడొద్దు.

మెథోట్రెక్సేట్ మాత్రలది ఇంకో ప్రమాదం. పిల్లల లుకీమియా మెయింటెనెన్స్‌లో (జబ్బు తిరిగి రాకుండా మందులు కొనసాగించే దశ) 6ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు. పల్నాడు నుంచి వచ్చిన తల్లికి "వీక్లీ వన్స్" అంటే తల ఊపుతుంది, ఇంటికెళ్ళి రెండూ రోజూ వేస్తుంది. "అమ్మా, ఇది బుధవారం మాత్రమే, ఏ రోజు వేస్తావో నాకు చెప్పు" అని ఆవిడ నోటితో చెప్పించండి, చీటీ మీద తెలుగులో వారం పేరు రాయండి.

కలిపే గదిలోకి వెళ్ళే ముందు అక్కడున్న హుడ్ (మందు కలపడానికి గాలి వడకట్టే పెట్టె) ఏదో చూడండి. గాలి మీ ముఖం మీదికి వచ్చే హారిజాంటల్ లామినార్ ఫ్లోలో కీమో అస్సలు కలపకూడదు, క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ ఉండాలి. కీమోకి పరీక్షించిన గ్లవ్స్ రెండు జతలు, అరగంటకోసారి మార్చుకోవాలి, చిరిగినా ఏమైనా పడినా వెంటనే. వెనక ముడి వేసే పొడుగు చేతుల గౌను, సూది ఊడకుండా బిగిసే లూయర్ లాక్ సిరంజిలు, సిరంజి ముప్పావు వంతుకి మించి నింపొద్దు, సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు. ఆ గదిలో నీళ్ళ బాటిలు, ఫోను, లిప్ బామ్ ఏవీ వద్దు. మందు ఒలికితే శుభ్రం చేసే స్పిల్ కిట్ ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి, సీల్ తీయని కిట్ ఒకటి అడిగి ఉత్త నీళ్ళు ఒలికించి ప్రాక్టీస్ చేయనివ్వమనండి. వ్యర్థాలు సైటోటాక్సిక్ అని రాసిన పసుపు సంచిలో పడాలి, ఇవి 1200 డిగ్రీల పైన కాలాల్సినవి, మామూలు చెత్తలో కలిస్తే ఆ చెత్త ఏరే మనిషికి ప్రమాదం. పిల్లల కోసం చూస్తున్నా, కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా దాచొద్దు, హెడ్‌కి చెప్పి కలిపే పని నుంచి మార్పించుకోండి. మగవాళ్ళకీ ఇది వర్తిస్తుంది.

ఏది దేంట్లో కలపాలో చార్టు గోడకి అంటించి ఉన్నా మీ బుర్రలోనూ ఉండాలి. ఆక్సాలిప్లాటిన్ డెక్స్‌ట్రోజ్‌లోనే, సెలైన్‌లో పాడవుతుంది. ట్రాస్టుజుమాబ్ సెలైన్‌లోనే, డెక్స్‌ట్రోజ్ వద్దు. ప్యాక్లిటాక్సెల్‌కి పీవీసీ లేని సెట్టూ ఫిల్టరూ కావాలి. డాక్సోరుబిసిన్, లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఒకదాని బదులు ఒకటి ఇచ్చే మందులు కావు.

చదువు కన్నా కష్టమైంది మాట్లాడటం. చాలా ఇళ్ళలో పేషెంటుకి జబ్బు పేరు చెప్పి ఉండరు, కొడుకో అల్లుడో బయటే మిమ్మల్ని ఆపి "ఆయనకి చెప్పకండి మేడం" అంటారు. డాక్టరు ఏం చెప్పారో తెలుసుకోకుండా మీరు నోరు జారొద్దు, అలాగని పేషెంటు సూటిగా అడిగితే అబద్ధమూ చెప్పొద్దు, టీంకి చెప్పి వాళ్ళతో మాట్లాడించండి. వేరే ఏం వాడుతున్నారని అడిగేటప్పుడు పసరు, భస్మం, పొడి అని పేర్లు పెట్టి అడగండి, "ఇతర మందులు" అంటే ఏమీ లేవనే అంటారు. జ్వరం సంగతి ప్రతి సైకిల్‌కీ చెప్పండి, 100.4 దాటితే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని పడుకోకుండా అర్ధరాత్రైనా ఆస్పత్రికి రావాలి, తెల్ల కణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరంలో యాంటిబయోటిక్ గంటలోపు పడాలి.

మన ఎండాకాలానికి ఇంకో రెండు జాగ్రత్తలు, పుస్తకంలో ఉన్నవాటికి కొంచెం తేడాగా చెప్పాల్సినవి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్ళకి కొన్ని రోజులు చల్లటివి తగిలితే వేళ్ళు, గొంతు తిమ్మిరెక్కి ఊపిరాడనట్టు భయపడతారు. మేలో బెజవాడ ఎండకి ఇంటికెళ్ళగానే ఫ్రిజ్ నీళ్ళే తాగుతారు కాబట్టి, డిశ్చార్జి చీటీ ఇచ్చేటప్పుడే కుండ నీళ్ళు కూడా వద్దు, మామూలు నీళ్ళు, మామూలు మజ్జిగ అని చెప్పాలి. రెండోది తెల్ల కణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజక్షన్లు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వాటిని క్యారీ బ్యాగులో వేసుకుని మాచర్ల బస్సెక్కుతారు, లేదా ఐస్ ముక్కల మధ్యలో కూరి గడ్డకట్టిస్తారు, రెండు రకాలుగానూ మందు పాడయ్యే ప్రమాదం ఉంది. థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, దానికీ ఇంజక్షన్‌కీ మధ్య గుడ్డ మడత వేసి, ఇంట్లో ఫ్రిజ్ ఉందా, కరెంటు ఎంతసేపు పోతుంది అని అడగండి. ఫ్రిజ్ లేదంటే దగ్గర్లోని పీహెచ్‌సీకి ఫోన్ చేసి అక్కడ ఉంచుతారేమో కనుక్కున్నాకే వాళ్ళని బస్టాండుకి పంపండి.