కెమెరాలోనే సహజమైన రంగులు – 3వ పాఠం: ఆటో వైట్ బ్యాలెన్స్ నుంచి బయటికి

పోయిన పాఠంలో, కెమెరా ఫొటోకి రంగులద్దే తీరుని నిర్ణయించే పిక్చర్ ప్రొఫైల్‌ని న్యూట్రల్‌కి మార్చి, సాచురేషన్, కాంట్రాస్ట్ ఒక్కో మెట్టు దించాం. అంత చేశాక కూడా మొహాలు ఒక ఫొటోలో పసుపుగా, పక్క ఫొటోలో నీలంగా వస్తున్నాయంటే ఇక ప్రొఫైల్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, తేడా వైట్ బ్యాలెన్స్‌లో, అంటే వెలుతురు రంగుని బట్టి ఫొటో రంగుల్ని సరిదిద్దే సెట్టింగులో ఉంది. నన్నడిగితే ఎడిటింగ్ లేని జేపెగ్‌లో రంగు బాగుండాలంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. ఏ కంపెనీ కెమెరా, ఏ లెన్స్ అన్నవన్నీ దీని తర్వాతే.

అసలు ఆటో ఏం చేస్తుంది? వస్తువు రంగేమిటో, దాని మీద పడుతున్న వెలుతురు రంగేమిటో కెమెరాకి విడివిడిగా తెలియదు, రెండూ కలిసిపోయి సెన్సార్ మీద పడతాయి. అందుకని ఫ్రేములో ఉన్నదంతా చూసి వెలుతురు ఇలాంటిదై ఉంటుందని ఒక అంచనా వేసుకుని, దానికి విరుగుడుగా ఎదురు రంగు కలుపుతుంది. చాలాసార్లు ఆ అంచనా సరిపోతుంది. ఫ్రేము నిండా ఒకే రంగు ఉన్నప్పుడే తంటా. గడ్డి మీద కూర్చున్న పిల్లాడిని దూరం నుంచి తీశారనుకోండి, ఆ పచ్చదనం వెలుతురులోనే ఉందనుకుని కెమెరా మెజెంటా కలపొచ్చు, దాంతో పిల్లాడి బుగ్గలు గులాబీ రంగుకి తిరుగుతాయి. అక్కడే నిలబడి, జూమ్ చేసి మొహం ఒక్కటే తీస్తే చర్మం రంగు మళ్లీ వేరు. వెలుతురు అదే, పిల్లాడు అదే, ఫ్రేములో పడ్డ గడ్డి మాత్రం తగ్గింది. ఒకే చోట తీసిన ఇరవై ఫొటోలు ఇరవై రకాలుగా ఉండటానికి కారణం చాలావరకు ఇదే, ఎడిటింగ్ చేయని వాళ్లకి ఇంతకన్నా చిరాకు పెట్టేది లేదు.

కాబట్టి ఈ పాఠంలో మొదటి పని, ఆటో నుంచి బయటికొచ్చి వైట్ బ్యాలెన్స్‌ని ఒక చోట కట్టేయడం. ఎండలో ఉంటే ఎండ గుర్తు, మబ్బు పడితే మబ్బు గుర్తు, అంతే. మీ కెమెరాలో కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) అంకె నేరుగా ఇచ్చే వీలుంటే ఇంకా మంచిది. మధ్యాహ్నపు ఎండ 5200 నుంచి 5500, మబ్బు 6000 పైచిలుకు, ఆకాశం నీలంగా ఉన్న రోజు నీడలో 7000 నుంచి 8000, ఫిలమెంట్ బల్బు కింద 2700 నుంచి 3000. ఇవి సుమారు అంకెలే, మొదలుపెట్టడానికి చాలు.

ఇక్కడ అందరూ తికమకపడే సంగతి ఒకటుంది. కెల్విన్ పెరిగేకొద్దీ వెలుతురు నీలంగా మారుతుంది, కానీ కెమెరాలో ఆ అంకె పెంచితే ఫొటో పసుపెక్కుతుంది. మీరు 7500 పెట్టారంటే "ఇక్కడి వెలుతురు నీలంగా ఉంది" అని కెమెరాకి చెబుతున్నట్టు, అది ఆ నీలాన్ని కొట్టేయడానికి పసుపు కలుపుతుంది. ఇంకోటి, 500 తేడా అన్నిచోట్లా ఒకేలా కనబడదు. 2500 నుంచి 3000కి వెళితే రంగు కొట్టొచ్చినట్టు మారుతుంది, 8000 నుంచి 8500కి వెళితే చాలామందికి తేడాయే తెలియదు. అందుకే బల్బుల కింద వందేసి చొప్పున కదపండి, నీడలో ఐదొందలు కదిపినా భయం లేదు.

కెల్విన్‌తో సరిచేయగలిగేది నీలం–పసుపు గొడవ ఒక్కటే. ట్యూబ్‌లైట్ల కింద, చవక ఎల్ఈడీల కింద మొహాల మీద వచ్చే ఆకుపచ్చ ఛాయ ఆ అంకెకి లొంగదు. దానికోసం మెనూలో వైట్ బ్యాలెన్స్ షిఫ్ట్ అనే నలుపలకల గడి ఉంటుంది, ఒకవైపు నీలం–అంబర్, ఇంకోవైపు ఆకుపచ్చ–మెజెంటా. చుక్కని మెజెంటా వైపు ఒక మెట్టు జరిపి, ఫొటో తీసి, మొహం చూడండి. చాలకపోతే ఇంకో మెట్టు. పని అయ్యాక చుక్కని మళ్లీ మధ్యలో పెట్టడం మర్చిపోవద్దు, లేదంటే మర్నాడు ఎండలో తీసిన ఫొటోలన్నీ గులాబీ రంగులో వస్తాయి.

ఈ అంచనాలన్నీ వద్దనుకుంటే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఉంది. గ్రే కార్డుని (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్టని), మీరు తీయబోయే మనిషి మొహం మీద పడే వెలుతురే దాని మీదా పడేలా పట్టుకుని, ఫ్రేము మధ్యలో నిండుగా తీసి, దాన్నే కొలతగా తీసుకోమని మెనూలో చెప్పాలి. కార్డుని మీ చేతిలో మీ నీడలో పట్టుకుంటే వృథా. చాలామంది ప్రింటర్ కాగితం వాడేస్తారు, నాకు అది నచ్చదు. తెల్లగా మెరవడానికి అందులో కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాలు తగిలితే నీలం వెలుగు ఇస్తాయి, కెమెరా ఆ నీలాన్ని కూడా కొట్టేయబోయి ఫొటోకి పసుపు పులుముతుంది. కార్డు లేక కాగితమే గతైతే ఆ తేడా ఉంటుందని తెలిసి వాడండి.

ఒకవైపు కిటికీ వెలుతురు, ఇంకోవైపు బల్బు ఉంటే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు. సగం మొహం సరిగ్గా వస్తే సగం నారింజ రంగులో వస్తుంది. బల్బు ఆపేయండి, లేదా మనిషిని కిటికీ దగ్గరికి జరపండి.

ఇంతా చెప్పాక ఒక మాట. తెలుపు ప్రతిసారీ తెల్లగానే రావాలని పట్టుబట్టకండి. సాయంత్రం 6 గంటల ఎండకి కస్టమ్ కొలత తీస్తే ఆ బంగారు రంగంతా కొట్టుకుపోయి మధ్యాహ్నం తీసిన ఫొటోలా తయారవుతుంది, అది ఏ రకంగానూ సహజం కాదు. నేనైతే పొద్దువాలే వేళ ఎండ గుర్తు దగ్గరే ఉంచేస్తాను, వెచ్చదనం ఎంత ఉంటే అంత రానిస్తాను. ఇంట్లో ఫిలమెంట్ బల్బు కింద కూడా 2800 చోట 3200 పెడతాను. మనం కూర్చున్న గదిలో ఆ వెలుతురు మన కంటికీ కాస్త పసుపుగానే కనబడుతుంది, ఫొటోలో అది బొత్తిగా లేకపోతే గది మనదిలా అనిపించదు.

ఈ వారం అభ్యాసం. రా ప్లస్ జేపెగ్ (సెన్సార్ పట్టిందాన్ని రంగులు ఖాయం చేయకుండా ఉంచే రా ఫైల్, మామూలు జేపెగ్ ఫొటో రెండూ) పెట్టుకుని, కిటికీ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఆటోలో ఒకటి, నీడ గుర్తుతో ఒకటి, కస్టమ్‌తో ఒకటి తీయండి. రా ఫైల్‌ని కెమెరాలోనే జేపెగ్‌గా మార్చే వీలు చాలా కెమెరాల్లో ఉంటుంది, ఉంటే ఒకే ఫొటోని ఐదారు కెల్విన్ అంకెలతో తిరిగి తయారు చేసి పక్కపక్కన పెట్టి చూడండి. చూసేముందు కెమెరా స్క్రీన్ బ్రైట్‌నెస్‌ని ఆటోలోంచి తీసేసి మధ్యలో పెట్టండి. చీకట్లో ఆ స్క్రీన్ మీద ప్రతి ఫొటో బ్రహ్మాండంగానే కనబడుతుంది, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

అలాగే ఎర్ర చొక్కానో ఎర్ర పువ్వునో ఎండలో ఒకటి తీసి ఉంచుకోండి, ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఎంత వెలుగుతో పడ్డాయో చూపే గ్రాఫ్‌లో) ఎరుపు గీత కుడి అంచుకి గుద్దుకునేలా. మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నా ఆ ఎరుపులో మడతలు, రేకుల గీతలు ఎందుకు మాయమయ్యాయో, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే ఎందుకు తిరిగొస్తాయో 4వ పాఠంలో ఆ ఫొటో మీదే చూద్దాం.