కెమెరా కళ్ళజోడు పెట్టుకుని వచ్చే కస్టమర్‌తో ఎలా వ్యవహరించాలి

గుంటూరు బ్రాడీపేటలో నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, లంగా ఓణీలు, పెళ్ళికూతుళ్ళ మగ్గం వర్కు మా పని. ముందు గదిలో కౌంటరు, కర్టెన్ దాటితే కొలతల గది, ఆ పక్కన ట్రయల్ రూమ్. పెళ్ళిళ్ళకి అమెరికా నుంచి వచ్చినవాళ్ళ ముఖాల మీద కెమెరా ఉన్న కళ్ళజోళ్ళు కనిపిస్తున్నాయి. 2025 మేలో రే-బాన్ మెటా అనే కెమెరా కళ్ళజోడు మన దేశంలోనూ 29,900 రూపాయల నుంచి అమ్మకానికి వచ్చింది కాబట్టి ఇక ఊళ్ళోవాళ్ళ దగ్గరా చూస్తాం. కొలతలిస్తూ చేతులెత్తి నిలబడిన ఆడమనిషి ఎదురుగా కెమెరా ఉండకూడదు. అది ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్న టెన్షన్ కూడా ఆమెకి ఉండకూడదు. నా షాపులో ఇది ఎలా అమలు చేస్తున్నానో రాస్తున్నాను. బ్యూటీ పార్లర్, జిమ్, స్కానింగ్ సెంటర్ నడిపేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు ఆ కళ్ళజోడుని గుర్తుపట్టడం నేర్చుకోండి, మీ దగ్గర పనిచేసే అమ్మాయిలకీ నేర్పండి. రే-బాన్ మెటా ఫ్రేముకి ముందు వైపు పై మూలల్లో రెండు గుండ్రటి చుక్కలుంటాయి. ఒకవైపుది కెమెరా, రెండో వైపుది లైటు. చెవుల మీదికి వెళ్ళే కాడలు మామూలు కళ్ళజోడు కంటే లావుగా ఉంటాయి. కుడి కాడ మీద బటన్ ఒకసారి నొక్కితే ఫోటో, నొక్కి పట్టుకుంటే వీడియో. నోటితో చెప్పినా తీస్తుంది, కాబట్టి చెయ్యి కదల్లేదని నిశ్చింతగా ఉండలేం. రికార్డు అవుతున్నంతసేపూ లైటు వెలుగుతుంది. లైటుకి అడ్డం పెడితే రికార్డు కాకుండా కంపెనీ ఏర్పాటు చేసింది గానీ, డబ్బు తీసుకుని ఆ లైటే పనిచేయకుండా మార్చి ఇచ్చేవాళ్ళు ఉన్నారని 2025లో అమెరికా పత్రికల్లో వచ్చింది. అందుకే “లైటు వెలగట్లేదు కదండీ” అంటే నేను ఒప్పుకోను.

అలాగని లావు కాడలున్న ప్రతి కళ్ళజోడులోనూ కెమెరా ఉండదు. పాటలు వినడానికి, ఫోన్ మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చేవీ ఉన్నాయి. నింద వేయకుండా అడగండి.

షరతు గుమ్మం దగ్గరే కనపడాలి. లోపలికి వచ్చి, టేపు చేతిలోకి తీసుకున్నాక చెప్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. నా బోర్డు మీద ఇలా రాయించాను: “కర్టెన్ దాటాక ఫోటోలు, వీడియోలు తీయరాదు. కెమెరా కళ్ళజోడు పెట్టుకుని లోపలికి రావద్దు. కౌంటరు దగ్గర ట్రేలో గానీ, మీ బ్యాగులో గానీ ఉంచండి. ఫోను బ్యాగులోంచి తీయవద్దు. ఈ షరతు మా స్టాఫ్‌తో సహా అందరికీ.” తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో పెట్టండి. కొత్త ఆర్డర్ రాసుకునేటప్పుడు వాట్సాప్‌లో కూడా ఇదే మెసేజ్ పంపిస్తాను. ఆది జాకెట్టు ఇచ్చి కొలతలు అక్కర్లేదనేవాళ్ళు కూడా ట్రయల్‌కి లోపలికి వస్తారు కదా, వాళ్ళకీ పంపిస్తాను. అమెరికాలో ఉన్న అక్కకి ఫిట్టింగ్ చూపించాలంటే ముందు గదిలో అద్దం ఉంది. వెనక వేరే మనిషి పడకుండా చూసుకుని అక్కడ ఫోనులో ఫోటో తీసుకోమంటాను.

మాట ఎలా మొదలుపెడతామన్నది చాలా ముఖ్యం. “అమ్మా, మీ కళ్ళజోడులో కెమెరా ఉందా? లోపల ఆడవాళ్ళు కొలతలిస్తున్నారు, తీసి ట్రేలో పెట్టండి, మేం చూసుకుంటాం” అంటే చాలామంది వెంటనే తీసేస్తారు. చెల్లెలికి తోడుగా వచ్చిన కుర్రాడైతే “బాబూ, నువ్వు ముందు గదిలో కూర్చో” అని కుర్చీ చూపించండి. వాళ్ళ ముఖం మీది కళ్ళజోడుని మీరు ముట్టుకోవద్దు.

కొందరికి అందులోనే పవర్ అద్దాలుంటాయి. తీస్తే మెట్టు కూడా కనపడదు. మామూలు కళ్ళజోడు తెచ్చుకుంటే అది పెట్టుకోమనండి. లేకపోతే స్విచ్ ఆఫ్ చేయమనండి. రే-బాన్ మెటాలో ఎడమ కాడ లోపలి వైపు స్విచ్ ఉంటుంది, ఆఫ్ చేసినా చూపుకి పనికొస్తుంది. అప్పుడు కూడా వేరే ఎవరూ లేకుండా ఆమెనొక్కదాన్నే లోపలికి పిలిచి కొలతలు తీసుకుంటాను. చూపు లేనివాళ్ళు ఈ కళ్ళజోళ్ళతో రాతలు చదివించుకుంటారు, ఎదురుగా ఏముందో చెప్పించుకుంటారు. వాళ్ళని గుమ్మంలో ఆపేయడం అన్యాయం. వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చెప్తోంది. ముందు గదిలో వాళ్ళని వాడుకోనివ్వండి, లోపల మీ మనిషి పక్కనుండి రంగు, డిజైను, బిల్లు అన్నీ చెప్పాలి. ఇక్కడ కాస్త టైము పట్టినా విసుక్కోవద్దు.

అసలు కస్టమర్‌ని కాదనే హక్కు మనకుందా? ఉంది, హద్దులతో. షాపు మనది, లోపలికి రావడానికి షరతు పెట్టుకోవచ్చు. 2013లో గూగుల్ గ్లాస్ అనే కెమెరా కళ్ళజోడు ఇంకా బజారులోకి రాకముందే అమెరికాలోని సియాటిల్‌లో ఫైవ్ పాయింట్ కెఫే అది పెట్టుకుని రావద్దని ప్రకటించింది. మన దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది రాజ్యాంగంలోని 15(2) అధికరణ. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఎవరినీ షాపుల్లోకి, హోటళ్ళలోకి రానివ్వకుండా ఆపకూడదని అది చెప్తోంది. అంటరానితనం పాటించి ఆపితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. అందుకే షరతు కెమెరా మీదే ఉండాలి, మనిషి మీద కాదు. పెద్దింటి పెళ్ళికూతురి మేనత్తని కళ్ళజోడుతో లోపలికి పంపి, పేటలోంచి వచ్చిన అమ్మాయిని ఆపితే అది షరతు కాదు, వివక్షే. అలా చేసేటట్టయితే బోర్డు పెట్టకపోవడమే నయం.

మనం కూడా అదే షరతుకి కట్టుబడాలి. సీసీటీవీ ముందు గదికే పరిమితం. కర్టెన్ తీసినప్పుడు కొలతల గది దాని కంట పడుతుందేమో స్క్రీన్‌లో చూసుకోండి, పడితే కెమెరా తిప్పించండి. అద్దంలోంచి లోపల కనపడుతుందేమో కూడా చూడండి, చాలామంది ఇది గమనించరు. కౌంటరు దగ్గర బిల్లు మీదో, పాడైన చీర మీదో గొడవ వచ్చి కస్టమర్ ఫోనులో రికార్డు చేసుకుంటే మాత్రం నేను అడ్డుపడను. ఈ షరతు ఆడవాళ్ళ మర్యాద కోసం, మన కుట్టులో తప్పులు దాచుకోవడానికి కాదు.

ఎవరైనా మొండికేస్తే టేపు పక్కన పెట్టి పని ఆపేయండి. “షరతు ఒప్పుకుంటేనే కొలతలు” అని ఒకసారి, మరొకరు వినేలా ఇంకోసారి చెప్పండి. తీసుకున్న అడ్వాన్స్ తిరిగిచ్చేయండి. కుట్టడం అయిపోయి ఉంటే జాకెట్టు ముందు గదిలోనే అప్పగించండి. వాళ్ళ బట్ట మన దగ్గర పెట్టుకుని బెదిరించకూడదు. వెళ్ళమన్నా వెళ్ళకుండా అవమానించాలనో, బెదిరించాలనో కూర్చుంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 329 సెక్షన్ కింద అక్రమ ప్రవేశం కావచ్చు, 112కి ఫోన్ చేయండి. తలుపు మూసి ఆపడం, కళ్ళజోడు లాక్కోవడం చేస్తే మన మీదే కేసు పడుతుంది.

లోపల ఎవరి ఫోటో గానీ, వీడియో గానీ తీశారని తెలిస్తే వెంటనే “డిలీట్ చెయ్యి” అని అరవాలనిపిస్తుంది. వద్దు. అది డిలీట్ అయితే పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలదు, కాపీ అప్పటికే ఫోనులోకి వెళ్ళి ఉండొచ్చు కూడా. టైము రాసుకోండి, ముందు గది సీసీటీవీ ఫుటేజ్ చెరిగిపోకముందే కాపీ తీయించండి, 112కి చెప్పండి. బట్టలు మార్చుకుంటున్న ఆడవాళ్ళని చాటుగా తీయడం న్యాయ సంహిత 77 సెక్షన్ కింద నేరం. మొదటిసారికే 1 నుంచి 3 ఏళ్ళ జైలు, జరిమానా. ఐపీసీలోని పాత 354సి సెక్షన్ మగవాళ్ళకే వర్తించేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్ తీసింది ఆడమనిషైనా వర్తిస్తుంది. ఐటీ చట్టం 66ఇ కింద 3 ఏళ్ళ వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. వీడియో నెట్‌లోకి వెళ్ళిందని అనుమానమైతే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదుని పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

ఆ ఫోటోలో, వీడియోలో పడిన కస్టమర్‌కి జరిగింది దాచకుండా చెప్పండి. షాపు పేరు పోతుందని సర్దిచెప్పే ప్రయత్నం చేయొద్దు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. స్టేషన్‌కి వెళ్తానంటే షట్టర్ దించైనా తోడు వెళ్ళండి. ఫుటేజ్ కాపీ చేసిన పెన్‌డ్రైవ్, ఆ రోజు ఆర్డర్ బుక్కు వెంట తీసుకెళ్ళండి.