మిర్యాలగూడ ఎండలో కెగ్ బీరు నురగ ఎట్లా తగ్గిందంటే

మా బావకు ఇంట్లో కెగ్ (బీరు నింపిన స్టీలు పీపా) పెట్టుకునే ఫ్రిజ్ ఉంది, పైన ట్యాప్ టవర్, అంటే బీరు పైపు ట్యాప్ దాకా వెళ్లే నిలువు గొట్టం. ఎండాకాలం వచ్చిందంటే చాలు, ట్యాప్ లాగితే గ్లాసులో ముప్పావు వంతు నురగే. చూసినవాళ్లందరిదీ ఒకటే సలహా, బీరును నెట్టే గ్యాస్ ప్రెషర్ తగ్గించమని. తగ్గిస్తే ఆ పూటకు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ప్రెషర్ చాలకపోతే బీరులో కరిగి ఉన్న గ్యాస్ పైపులోనే బుడగలు కట్టి నురగ ఇంకా పెరుగుతుంది, అందుకే రెగ్యులేటర్‌ను 11 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గరే వదిలేశాను.

ఫ్రిజ్ డిస్‌ప్లే 3 డిగ్రీలు చూపిస్తోంది. దాన్ని నమ్మొద్దు. థర్మామీటర్ గ్లాసులోనే పెడితే మొదటి గ్లాసు 9 డిగ్రీలు, వెంటనే పట్టింది 4, నురగ కూడా మొదటిదాంట్లోనే ఎక్కువ. అంటే కెగ్ చల్లగానే ఉంది, టవర్‌లో నిలిచిన బీరే వేడెక్కుతోంది. కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాన్‌కు ఒక పైపు తగిలించి ఫ్రిజ్‌లోని చల్లగాలి టవర్‌లోకి కొట్టేలా పెట్టాం. చాలావరకు దారికొచ్చింది.

అయినా ధార దూకుడు తగ్గలేదు. బీరు పైపు చూస్తే 4 అడుగులే, లోపలి వ్యాసం 3/16 అంగుళం. పైపు పొడవు పెరిగితే రాపిడి పెరిగి ధార నెమ్మదిస్తుంది, కాబట్టి అదే సైజులో 10 అడుగులది తెచ్చి కెగ్ మీద చుట్టగా పెట్టాం. పనిలో పనిగా ట్యాప్ విప్పితే లోపలంతా జిగురు! రెండు వారాలకోసారి లైన్ (బీరు పైపు, ట్యాప్) కడగాల్సిందే. ఇంకోటి, ట్యాప్ సగం తెరిచి పట్టకండి, ఒక్కసారే పూర్తిగా లాగండి.