మేపుల్ పాకం: క్యూబెక్ అడవుల పద్ధతి

యూరోపియన్లు రాకముందే అబెనాకి వంటి ఆదివాసులు ఇక్కడ, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, మేపుల్ చెట్ల మానుల నుంచి తియ్యటి రసం తీసేవారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు సున్నా దాటిన వేడి ఉంటేనే రసం కారుతుంది. అందుకే మార్చి, ఏప్రిల్ నెలలు అదను.

కనీసం 25 సెంటీమీటర్ల మందమున్న మానుకు 8 మిల్లీమీటర్ల రంధ్రం, 4 సెంటీమీటర్ల లోతున వేయండి. లోపలికి పోయేకొద్దీ కాస్త పైకి ఉండాలి, అప్పుడే రసం బయటికి జారుతుంది. పాత రంధ్రాల పక్కన వేయొద్దు. అక్కడి కలప ఎండిపోయి ఉంటుంది.

రసాన్ని ఆరుబయట, పులియకముందే కాచండి. సుమారు 40 లీటర్లకు ఒక్క లీటరు పాకం వస్తుంది. థర్మామీటర్ తప్పనిసరి: మీ దగ్గర నీరు మరిగే వేడికంటే 4 డిగ్రీలు ఎక్కువ చూపగానే దించాలి. ముందే దించితే పాకం పాడవుతుంది, ఆలస్యమైతే సీసాలో పలుకులు కడుతుంది. వేడిమీదే ఉన్ని గుడ్డలో వడకట్టండి. మొగ్గలు విచ్చాక మాత్రం ఆపేయండి. ఆ రసం వెగటు ఎంత కాచినా పోదు.