కాంచనమాల గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ముందుగా ఒక పని చేయండి, పాతకాలపు తెలుగు సినిమా నటి కాంచనమాల కథని చివర్నుంచి మొదలుపెట్టడం మానేయండి. ఎవర్ని అడిగినా, ఏ వీడియో తెరిచినా అదే వరస వస్తుంది: ఒకప్పటి అందాల తార, జెమినీ స్టూడియో అధినేత వాసన్‌తో గొడవ, మతి చలించడం, ఇరవై ఏళ్ళు ఎవరికీ కనపడకుండా బతకడం. అంతే, కథ అయిపోతుంది. 1935 నుంచి 1942 వరకు తెర మీద ఆమె ఏం చేసిందో అందులో ఒక్క ముక్క ఉండదు. ఒక నటి మిగిల్చి వెళ్ళిన పనంతా పక్కనపెట్టి ఆమె జబ్బు గురించే మాట్లాడుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఆమె సినిమాలు ఏ వరసలో చూడాలి, పాత కాగితాలు ఎక్కడ వెతకాలి, విన్నవాటిలో వేటిని నమ్మకూడదు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

వెతకడం దగ్గరే చాలామంది విసిగిపోయి ఆగిపోతారు. ఉత్త కాంచనమాల అని కొడితే 2005లో వచ్చిన కాంచనమాల కేబుల్ టీవీ ముందు వస్తుంది, ఆ తర్వాత అరవైల నాటి హీరోయిన్ కాంచన ఫోటోలు కలిసిపోతాయి, కొన్నిచోట్ల ఆ ఫోటోలకే ఈమె పేరు పెట్టేసి ఉంటారు కూడా. సినిమా పేరుతో వెతికినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే ఆమె చేసిన సినిమాల పేర్లు తర్వాత తర్వాత మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. విప్రనారాయణ అంటే 1954 నాటి భానుమతి, నాగేశ్వరరావుల సినిమా వస్తుంది, బాలనాగమ్మ అంటే 1959లో ఎన్టీఆర్, అంజలీదేవి నటించింది వస్తుంది, వందేమాతరం అంటే 1985ది, మళ్ళీ పెళ్లి అంటే 2023ది. ఇక గృహలక్ష్మి అని కొడితే సీరియల్ క్లిప్పులు తప్ప ఇంకేం కనపడవు. కాబట్టి పేరు పక్కన సంవత్సరం తప్పకుండా పెట్టండి: విప్రనారాయణ 1937, గృహలక్ష్మి 1938, మాలపిల్ల 1938, వందేమాతరం 1939, మళ్ళీ పెళ్లి 1939, ఇల్లాలు 1940, బాలనాగమ్మ 1942. తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగానూ కొట్టండి, కాంచన, మాల విడివిడిగా కూడా రాసి చూడండి.

చూడటం మాలపిల్లతో మొదలుపెట్టండి, అది యూట్యూబ్‌లో దొరుకుతుంది. 1935లో శ్రీకృష్ణ తులాభారంలో మిత్రవింద వేషంతో ఆమె సినిమాల్లోకి వచ్చింది, తర్వాత వీరాభిమన్యు కూడా చేసింది, కానీ ఆమె ఏమిటో తెలియాలంటే మాలపిల్లే చూడాలి. గూడవల్లి రామబ్రహ్మం సారథి ఫిలిమ్స్ తరఫున తీసిన సినిమా, కథ రచయిత చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. పౌరాణికాల గ్రాంథికం తప్ప ఇంకోటి వినపడని రోజుల్లో మనుషులు ఇంట్లో మాట్లాడుకునే భాష తెర మీద వినపడింది. 1938లో హరిజనులకు ఆలయ ప్రవేశం గురించి ఊరూరా వాదనలు జరుగుతున్నాయి, తిరువాన్కూరు మహారాజు తన రాజ్యంలో హిందువులందరికీ గుళ్ళు తెరుస్తూ చేసిన ప్రకటన వచ్చి రెండేళ్ళే అయింది. అలాంటప్పుడు బ్రాహ్మణ కుర్రాడు దళిత అమ్మాయిని ప్రేమించే కథలో ఆ అమ్మాయి శంపాలతగా నటించడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇది గుర్తుపెట్టుకుని చూస్తే సినిమా వేరేగా కనపడుతుంది.

మొదటి అరగంట ఓపిక పట్టండి. సౌండ్ గరగరలాడుతుంది, బొమ్మ అక్కడక్కడా తెల్లగా పాలిపోయి ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది నాటకాల నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి చివరి వరసకి వినపడాలన్నట్టు గట్టిగా మాట్లాడతారు. స్పీడు పెంచి చూడొద్దు, అలా చూస్తే ఈమె చేస్తున్నదే మిస్సవుతారు, ఎందుకంటే ఆమె చేసేదంతా మాటకీ మాటకీ మధ్యలోనే ఉంటుంది. గోవిందరాజుల సుబ్బారావు లాంటి ఉద్దండుడు ఉన్న సినిమాలో పోటీగా గొంతు పెంచకుండా, తల కొంచెం వంచి, కళ్ళతో జవాబు చెప్పి ఊరుకోవడం చూడండి. కెమెరాకి ఎంత చాలో తెలిసిన నటన అది, ఆ రోజుల్లో తెలుగులో అది తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. కథ కలకత్తాకి మారాక అదే అమ్మాయి చదువుకుని, చేతుల్లేని జాకెట్టుతో, నడక కూడా మారిపోయి కనపడుతుంది. ఆ వేషంలో పుస్తకం, కాఫీ కప్పుతో ఉన్న ఆమె ఫోటో కేలండర్లకెక్కి ఇళ్ళల్లో వేలాడింది. ఆ ఫోటో ఒక్కటే చూసి ఆమెని గ్లామర్ తార అనేయడం తేలిక, కానీ సినిమా మొదటి సగం, రెండో సగం పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి రెండు బతుకుల్ని ఎలా మోసిందో తెలుస్తుంది.

దాని తర్వాత, కాపీ దొరికితే, అదే ఏడాది హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మి చూడండి. కన్నాంబది ఇల్లాలి వేషం, ఈమె ఆ ఇంటిని కూల్చే నాట్యకత్తె, చిత్తూరు నాగయ్యకి అదే మొదటి సినిమా. ఒకే సంవత్సరంలో జనం జాలిపడే పాత్ర, జనం తిట్టుకునే పాత్ర రెండూ చేసింది, ఆ ధైర్యం గురించి ఎవరూ రాయరు. మరుసటేడు కట్నాల సమస్యని చూపించిన వందేమాతరంలో నాగయ్య పక్కన హీరోయిన్, బి.ఎన్. రెడ్డికి దర్శకుడిగా అది తొలి చిత్రం. మళ్ళీ పెళ్లిలో చిన్న వయసులోనే వితంతువైన అమ్మాయిగా వేసింది, వై.వి. రావు దర్శకుడూ హీరో కూడా. అంటే రెండేళ్ళలో అంటరానితనం, కట్నాలు, వితంతు వివాహం మీద వచ్చిన పెద్ద సినిమాలన్నిట్లో ఈమె ఉంది. ఇల్లాలు పెద్దగా ఆడలేదు, కానీ దాన్ని వదిలేయొద్దు, ఎందుకో కింద చెప్తాను.

బాలనాగమ్మకి వచ్చేసరికి జాగ్రత్తగా ఉండాలి. జెమినీ వాళ్ళు సి. పుల్లయ్య దర్శకత్వంలో తీసిన ఆ సినిమా విపరీతంగా ఆడింది, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు, బాలనాగమ్మగా ఈమె. ఆమె సినీజీవితానికి అదే శిఖరం, దాదాపు ముగింపు కూడా అదే. అగ్రిమెంటు విషయంలో వాసన్‌తో తగాదా వచ్చి ఆమె బయటి సినిమాలు చేయలేకపోయిందనే వరకు అందరి కథనాలూ కలుస్తాయి. ఇది అర్థం కావాలంటే అప్పటి స్టూడియోల పద్ధతి తెలియాలి. నటులు జీతానికో, ఇన్ని సినిమాలకనో రాసి సంతకం పెట్టేవాళ్ళు, ఆ గడువు తీరేదాకా స్టూడియో అనుమతి లేకుండా ఇంకో కంపెనీ గడప తొక్కడానికి వీల్లేదు. ఆ కాగితం చేతిలో ఉన్నవాడిదే పైచేయి, ఎంత పెద్ద తార అయినా సరే. ఇక ఆ తగాదాలో ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఎలా బెదిరించారు అని డైలాగులతో సహా చెప్పే కథలు చాలా ఉన్నాయి, వాటిని మాత్రం పక్కన పెట్టేయండి. ఆ మాటలు చెప్పినవాళ్ళెవరూ అప్పుడు అక్కడ లేరు, పైగా ఒకరు రాసింది ఇంకొకరు పెంచుకుంటూ పోవడం వరసగా నాలుగు వ్యాసాలు చదివితే మీకే కనపడుతుంది. ఆమె మానసిక అనారోగ్యం గురించి కూడా అంతే. ఆ రోజుల్లో సరైన వైద్యం అందడం కష్టం, ఆడమనిషికి మరీ కష్టం, అలా బాధపడిన మనిషిని తమాషాగా చూపించే వీడియో కనపడితే దాన్ని మూసేసి ఇంకోటి వెతుక్కోండి.

ఆ తర్వాత రెండు దశాబ్దాల మౌనం. 1963లో నర్తనశాలలో ఒక చిన్న పాత్రలో మళ్ళీ కనపడింది. దాన్ని తీసింది లక్ష్మీరాజ్యం, అంతకు ఇరవై మూడేళ్ళ ముందు ఇల్లాలులో ఈమెతో కలిసి నటించిన స్నేహితురాలు, అందుకే ఆ ఆడని సినిమాని వదలొద్దన్నాను. ఇండస్ట్రీ మొత్తం మర్చిపోయిన మనిషిని నచ్చజెప్పి మళ్ళీ కెమెరా ముందుకి తీసుకొచ్చింది ఒక తోటి నటి, నిర్మాతగా తన చేతిలో అధికారం వచ్చాక. కాంచనమాల జీవితం రాసేవాళ్ళు వాసన్‌కి ఇచ్చినన్ని పేరాలు లక్ష్మీరాజ్యానికి ఇస్తే బావుంటుంది. నర్తనశాలని మాత్రం ఆఖర్న చూడండి, ముందే చూస్తే జాలి ఒక్కటే మిగులుతుంది. కాంచనమాల 1981లో మద్రాసులో చనిపోయింది.

సినిమాలు చూడటం అయ్యాక కాగితాల దగ్గరికి వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికల్లో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక 1938 నుంచి 1942 వరకు తిరగేస్తే సినిమా ప్రకటనలు, సమీక్షలు దొరుకుతాయి. పేరుతో సెర్చ్ కొడితే రావు, సంచిక సంచికా తెరిచి పేజీలు తిప్పాల్సిందే, సినిమా విడుదలైన నెల ముందు తెలుసుకుని దానికి అటూ ఇటూ రెండు నెలలు చూస్తే పని తేలికవుతుంది. అప్పట్లో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు నడిపిన గృహలక్ష్మి అని ఆడవాళ్ళ పత్రిక కూడా ఉండేది, సినిమా గృహలక్ష్మితో కలిపేసుకోకండి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్లకి వెళ్ళగలిగితే తప్పకుండా వెళ్ళండి, కావాల్సిన పత్రిక పేరు, సంవత్సరం ముందే రాసుకుని వెళ్తే అక్కడివాళ్ళకీ సాయం చేయడం తేలిక. హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఎవరింట్లోనైనా దొరికితే మాత్రం అదృష్టమే, కథ, పాటలు, ఎవరు ఏ వేషం వేశారో అన్నీ అందులో ఉంటాయి, సినిమా కాపీ దొరకనప్పుడు మనకి మిగిలేది అదే. రీళ్ళ గురించి అడగాలంటే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కి రాయండి.

మీ ఇంట్లో తొంభై దాటిన అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. కాంచనమాల తెలుసా అని అడిగితే తెలుసు అని ఊరుకుంటారు, బాలనాగమ్మ ఏ హాల్లో చూశారు, ఎవరితో వెళ్ళారు, ఇంట్లో ఆ కేలండర్ ఉండేదా అని అడిగితే మాటలు వస్తాయి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసుకోండి. ఆ తర్వాత మీరు ఏదైనా రాసినా, ఫోటో పెట్టినా, అది ఏ సినిమాలోది, ఏ సంవత్సరం, ఎక్కడ దొరికింది అన్నది కింద రాయండి, సినిమా పేరు కచ్చితంగా తెలియని ఫోటోకి తోచిన పేరు మాత్రం తగిలించకండి.