శ్రీకాకుళం చూడ్డానికి గైడుతో బయలుదేరే ముందు

• వీలైతే ఆదివారం పెట్టుకోకండి. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి ఆ రోజే రద్దీ ఎక్కువ. మార్చి, అక్టోబరుల్లో కిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు.

• గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. అరసవల్లి, శ్రీకూర్మం ఉదయమే ముగిసేలా గైడుతో మాట్లాడుకోండి. బండి వెయిటింగ్ చార్జీ ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి.

• శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లుంటాయి. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని భలే ముద్దొస్తాయి. పిల్లలు వాటిని ఎత్తుకోకుండా, బిస్కెట్లు వేయకుండా చూడండి.

• శాలిహుండానికి బూట్లు, టోపీ, నీళ్లు. కొండెక్కాలి. బౌద్ధ స్తూపాల ఇటుకల మీదికెక్కి ఫొటోలు దిగకండి, దయచేసి.

• అసలు జాగ్రత్త కళింగపట్నంలో. వంశధార సముద్రంలో కలిసే చోటు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ ఏటి తోపుడు, అల లాగుడు అక్కడ కలుస్తాయి. మోకాలి లోతులోనే పాదాల కింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చినా దిగొద్దు. అక్కడి జాలర్లు వద్దంటే వద్దనే. నేనైతే ఒడ్డున కూడా పిల్లల చెయ్యి వదలను.

• చీకటి పడకముందే తిరుగు ప్రయాణం.